కంచు గుర్రం క్షేమం కోరి

ప్రాచీన కంచు గుర్రాలకు సముద్రం కన్నా మనిషే ప్రమాదకరమని మా గ్రీకు దేశపు ప్రాచీన అశ్వ సంరక్షణ శాఖ ఎట్టకేలకు తేల్చింది. ఆ తీర్పు మొట్టమొదట అమలైంది మా ద్వీపంలోనే.

ఆ రోజు పాంతెలిస్ వలలో చేపలకు బదులు కంచు గుర్రం పడింది. ఊళ్ళోవాళ్ళు చేయి వేసి రేవు గట్టు మీదికి దించారు. అతని భార్య ఎవాంథియా మంచినీళ్ళు పోసి నాచు కడిగింది. విప్పారిన ముక్కుపుటాలు, చెక్కిలి మీద ఉబ్బిన నరం. ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఒక చెవి వెనక్కి తిరిగి ఉంది. కాఫీ కొట్టు ముందు పేకాట ఆగిపోయింది (భూకంపానికి కూడా ఆగని ఆట అది).

"ఇన్ని వందల ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానినా ఎంత కళగా ఉందో! నువ్వు వారం ఎండలో తిరిగితే ఎండుచేపవి అయిపోతావు," అంది ఎవాంథియా మొగుడితో.

"నన్నూ ఎవరైనా కంచుతో పోత పోసి ఉంటేగా!" అన్నాడు పాంతెలిస్.

శాఖాధికారి అగిసిలావోస్ ఏథెన్సు ఓడలో వచ్చి దిగాడు. గుర్రం చుట్టూ తిరిగాడు. మెడ నిమిరాడు. కళ్ళు చెమర్చాయి (ఇది విధి నిర్వహణ కిందికి రాదు). తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, కూడళ్ళలో నిలబెట్టిన గుర్రాలన్నీ ఏమయ్యాయి? కరిగించి నాణేలు చేశారు, ఫిరంగులు చేశారు. మునిగిపోయినవే మిగిలాయి. కాబట్టి దీన్ని వెంటనే మళ్ళీ ముంచాలి."

"మతి పోయిందా బాబూ? నీళ్ళలో ఉంటే ఎవరు చూస్తారు?"

"చూడటం మా పరిధి కాదమ్మా. మాది సంరక్షణ. అందం సంగతి వేరే శాఖది. అక్కడ ప్రస్తుతం ఎవరూ లేరు."

"మేం కాపలా ఉంటామండీ. ఎవర్నీ కరిగించనివ్వం," అన్నాడు పాంతెలిస్.

"ఇదివరకు కరిగించింది కూడా కాపలా ఉన్నవాళ్ళే నాయనా," అన్నాడు అగిసిలావోస్ జాలిగా.

మర్నాడు ఊరంతా పడవలెక్కింది. పూజారి సాంబ్రాణి ధూపం వేసి, ఇది పెళ్ళో చావో తేల్చుకోలేక రెండు ప్రార్థనలూ చదివాడు. ఎవాంథియా తలగుడ్డ విప్పి గుర్రం ముఖం తుడిచింది. పాంతెలిస్ చాలాసేపు తాడు వదల్లేకపోయాడు.

"వదులు నాయనా, దాని మంచికే కదా," అన్నాడు అగిసిలావోస్, తను మాత్రం అటు తిరిగి నిలబడి.

గుర్రం మునిగింది. 

ఈ ఏడాది ఒక్క గుర్రానికి కూడా హాని జరగలేదని శాఖ సగర్వంగా ప్రకటించింది. ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నవాటి సంగతి చూస్తోంది. పడవ ఖాళీగా ఉంచమని పాంతెలిస్‌కు నిన్ననే కబురొచ్చింది.