కంకర లారీ పంకవిజయము

రాత్రియెల్ల ఎడతెగక కురిసిన కుంభవృష్టి తెల్లవారుజామున వెలసి, మేఘమండలమును చీల్చుకొని భానుడు బద్ధకముగా తొంగిచూచు శుభవేళ, సగము లేచిన అపార్టుమెంటు గోడల నడుమ, ఇసుకకుప్పలు, ఇనుపచువ్వలు సాక్షిగా, ఇనుపగేటు ముంగిట జరిగిన ఘోరసంగ్రామమును వినిపించెదను. చెవులు రిక్కించి వినుడు. ఇది అల్లాటప్పా యుద్ధము కాదు సుమా!

శకటచోదకశిఖామణి, హారన్నాదభయంకరుడు, గేరుమార్పిడిధురంధరుడునగు డ్రైవరు బావగారు లారీ నిండ కంకరతో గేటు దాటబోవుచుండగా, వెనుక ఇరుసున ఎడమచక్రము బురదగుంటలో దిగబడెను. బావగారు యాక్సిలరేటరు తొక్కెను. ఎడమచక్రము గిర్రున తిరిగి దశదిశలకు బురద చిమ్మెను. గట్టినేలపై నున్న కుడిచక్రమో, తనకేమీ పట్టనట్లు చోద్యము చూచుచుండెను. ఇంజను బలమంతయు సులువుగా తిరుగువైపునకే పోవును మరి, ఏమి చేయుదుము!

అంతలో లోడరు బండిపై, భుజమున ఇనుపగొలుసుతో, బావమరిది వేంచేసెను. పగవాడైనను బాగుండును, స్వయానా భార్య తమ్ముడు. వీని గొలుసుచే ఈడ్వబడెనా, బావగారి పరువు గంగలో కలిసినట్లే. ఇక బ్రతికినన్నాళ్ళు కంచము ముందు కూర్చున్నప్పుడెల్ల ఈ కథయే వడ్డింపబడును; ఏటేట గుంట జానెడు లోతు పెరుగును.

"ఏం బావా, గొలుసు తగిలించమంటావా?" అని వాడు పండ్లికిలించెను.

"అక్కర్లేదురా. నువ్వు కాస్త దూరం జరుగు."

రోషము నషాళమునకంటెను. పాదము యాక్సిలరేటరును అదిమియుండగనే, చేయి డిఫరెన్షియల్ లాక్ స్విచ్చుపైకి దూకెను. అది నొక్కినచో ఇరుసుకు రెండువైపుల నున్న చక్రములు ఒక్కటై తిరుగును. కుడివైపు సోమరియు పనిలోనికి దిగక తప్పదు. కాని చక్రము గిర్రున తిరుగుచుండగా నొక్కెనా, లోపలి లాకుపళ్ళు రాలును, ఇరుసు విరుగును. బావగారికి ఆ సంగతి తెలియును. తెలిసియు వ్రేలు స్విచ్చును తాకుచుండెను!

అప్పుడా వీరుడు తన పాదమునకు అంతరంగమున నిట్లు ఆనతిచ్చెను: "ఓరీ పాదాధమా! రోషానలజ్వాలాదందహ్యమానమై ఇంజనును రంకెలు వేయించుట పౌరుషమనుకొంటివా? దిగుము! చక్రము నిలుచుదాక నీవును నిలువుము. ఇప్పుడు నిలుచుటయే శౌర్యము!"

పైకి మాత్రము, "ఆగు బాబూ, ఆగు" అని గొణిగెను.

పాదము దిగెను. చక్రము నిలిచెను. స్టీరింగు తిన్నగా పట్టి బావగారు అప్పుడు స్విచ్చు నొక్కగా, లాకు పడినదని పసుపుదీపము వెలిగెను. మొదటి గేరు వేసి, నిద్రపోవు పసిబిడ్డ పక్కనుండి లేచినంత మెల్లగా బండిని కదిలించెను. కుడిచక్రము నేలను కరచుకొనెను. శకటము మూలిగి, ఊగి, గుంట గట్టెక్కి గేటులోని సిమెంటునేలపై నిలిచెను. కూలీలు ఈలలు వేసిరి.

"ఇంకేం బావా, ఎడమకి తిప్పెయ్," అనెను బావమరిది.

ఎడమకు తిరుగకున్న ఎదుట నిన్న కట్టిన పచ్చిగోడ. బావగారు బండిని కదపక స్విచ్చు ఆపెను. పసుపుదీపము ఆరలేదు! ఇదిగో, అసలు గండము.

"మళ్ళీ ఆగిపోయావేంటి?"

"లాకు ఇంకా వదల్లేదురా. గట్టినేల మీద ఇలాగే తిప్పితే బండి నా మాట వినదు, తిన్నగా పోయి ఆ గోడకి గుద్దుకుంటుంది. ఇరుసూ పోతుంది."

బావమరిదికి ఇంతకన్న మంచి సమయమేది? వెంటనే అక్కకు ఫోను కలిపెను.

"అక్కా, బావ సంగతి విన్నావా? గేటు దగ్గర..."

బావగారు తొందరపడలేదు. బిగిసిన లాకుపళ్ళు సడలుటకై రివర్సు గేరు వేసి బండిని జానెడు వెనుకకు జరిపెను. లోపల టక్కుమనెను. దీపము ఆరెను. ఆహా, ఆ క్షణమున బావగారి గుండెలో పొంగిన ఆనందము ఏమని చెప్పుదును! స్టీరింగు తిరిగెను, లారీ బుద్ధిగా ఎడమకు మళ్ళెను.

"గేటు దగ్గర ఏమైందిరా?" అని ఫోనులో అక్క.

బావమరిది మలుపు తిరిగిన లారీవంక చూచెను. "గేటు దగ్గర... గేటు దాటాడక్కా."

"అది చెప్పడానికా ఫోను? పొయ్యి మీద గిన్నె మాడిపోతోంది, పెట్టెయ్."

జయము జయము! నాలుగు మూరల నేల గెలువబడెను, ఒక పసుపుదీపము ఆర్పబడెను, కలకాలము కంచము ముందు చెప్పుకొనవలసిన కథ చెప్పకుండగనే చచ్చెను!