ఆవిడెవరో నాకు తెలియదు

డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఇన్‌స్పెక్టరు ఆ ఉదయం కాఫీ తాగుతూ అత్తగారికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "అత్తయ్యా, సొంతవాళ్ళకి పరీక్ష పెట్టకూడదని మా ఆఫీసు నియమం. మిమ్మల్ని మా తోటి ఇన్‌స్పెక్టరు చూస్తాడు. అక్కడ మాత్రం నేనెవరో మీకు తెలియదు, సరేనా?"

"దానికేం భాగ్యం!" అందావిడ. ఎక్కడికి వెళ్ళాలన్నా కొడుకుల్ని బతిమాలుకోలేక, అరవయ్యో ఏట చిన్న కారు కొనుక్కుని పట్టుబట్టి నేర్చుకున్న మనిషి.

ఆఫీసు గేటు దగ్గర అల్లుడు కనబడగానే, ఎవరూ అడక్కుండానే గట్టిగా ప్రకటించింది. "ఈయనెవరో నాకు తెలీదు బాబూ! ఎప్పుడూ చూళ్ళేదు!"

వరుసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. గుమస్తా చెవులు రిక్కించాడు. ఇన్‌స్పెక్టరు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

అంతలో భార్య ఫోను. "అమ్మ పొరపాటున కళ్ళజోడు మీ బ్యాగులో వేసిందట! అది లేకపోతే ఎదురుగా ఏనుగొచ్చినా కనబడదు!"

అతను కళ్ళజోడు పెట్టెను కాగితంలో చుట్టి, స్తంభం చాటున ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ మాట తప్పే రకం కాదు. "తెలియనివాళ్ళ దగ్గర నేనేమీ పుచ్చుకోను!" అంటూ దాన్ని తిరిగి అతని జేబులో కుక్కేసింది. జనం కళ్ళబడింది ఆ కుక్కడం ఒక్కటే.

"లంచం!" అని ఎవరో అరిచారు. తోటి ఇన్‌స్పెక్టరు మెల్లగా జారుకున్నాడు. గుమస్తా పరుగెత్తి, తనిఖీకి వచ్చిన పై అధికారిణిని వెంటబెట్టుకొచ్చాడు. సొంత డ్రైవరునే పరీక్షలో ఫెయిల్ చేసిన మనిషావిడ.

"జేబులో ఏముంది?"

"కళ్ళజోడు, మేడమ్."

"ఎవరిది?"

"మా అత్తగారిది." ఇన్‌స్పెక్టరు కాగితం విప్పి చూపించాడు.

"చుట్టరికం ముందే చెప్పి తప్పుకోమంది నియమం. దాచిపెట్టమని కాదు. సంజాయిషీ రాయండి. పరీక్ష నేనే పెడతాను."

అత్తగారు కళ్ళజోడు తగిలించుకుని స్టీరింగు ముందు కూర్చుంది. కారు మాత్రం కదల్లేదు.

"ఏమైంది?" అంది అధికారిణి.

"మీరు బెల్టు పెట్టుకుంటే బయల్దేరదామమ్మా."

అధికారిణి బెల్టు లాక్కుని పెట్టుకుంది. కారు మలుపులు తిరిగింది, ఎత్తు మీద ఆగి వెనక్కి జారకుండా కదిలింది, రెండు కర్రల మధ్యకి వెన్నలో కత్తిలా వెనక్కి దూరింది. లంచం చూడ్డానికి చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"పాస్!" అంది అధికారిణి. ఆ మాట ఆవిడ నోట విని గుమస్తా కలం జారవిడిచాడు.

అత్తగారు అల్లుడి ముందు కారు ఆపింది. "ఎక్కండి అల్లుడుగారూ, ఇంటి దగ్గర దింపుతా."

"సంజాయిషీ రాయాలి అత్తయ్యా."

అది పూర్తయ్యేసరికి ఆవిడ ఊరు రెండుసార్లు చుట్టొచ్చింది.