మంత్రిగారి మొదటి రక్తపు బొట్టు

తమ ఒంట్లోని చివరి రక్తపు బొట్టు కూడా ప్రజలదేనని మంత్రిగారు మొన్న బహిరంగసభలో ప్రకటించారు. చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి ఎవరో "మొదటి బొట్టు ఎప్పుడిస్తారు సార్?" అని అడిగారట. ప్రజానాయకులు కనుక వారు కోప్పడలేదు. వచ్చే ఆదివారమే అన్నారు. అడిగినవాణ్ణి కోప్పడడానికి వేరే మనుషులున్నారు.

ఆ విధంగా మా పేట కమ్యూనిటీ హాలుకి మహా రక్తదాన శిబిరం వచ్చింది. మా మరిది పార్టీ వార్డు కార్యదర్శి.

"వదినా, మహిళా వాలంటీర్లు తక్కువయ్యారు. నువ్వు రావాలి. ఊరికే కాదు, టోపీ ఇస్తారు" అన్నాడు.

డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నందుకు సమాజానికి ఏదైనా చెయ్యాలని నాకూ అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది. పైగా టోపీ. వెళ్లాను.

ఏర్పాట్లు చూస్తే కళ్లు చెమర్చాయి. గుమ్మానికెదురుగా, కెమెరాల ముందు, తెల్ల దుప్పటి పరిచిన మంచం. పడుకున్నవారి మోచేతి మడతలో గొట్టం పెట్టి, పైన ప్లాస్టర్ అంటించడం నా పని. సూది ఉండదు. ఫోటో తీయగానే ప్లాస్టర్ పీకి, ప్రశంసాపత్రం, పళ్లరసం అందించాలి. సూది ఉన్న మంచం తెర వెనక ఉంది. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన కొత్త నర్సు అక్కడ ఖాళీ సంచి పక్కన పెట్టుకుని పొద్దున్నుంచీ సెల్‌ఫోన్ చూసుకుంటోంది.

మధ్యాహ్నానికల్లా పేటలోని యువత అంతా త్యాగం చేసేసింది. ఒకాయన చొక్కా మార్చుకొచ్చి మళ్లీ త్యాగం చేశాడు. ప్లాస్టర్ పీకితే వెంట్రుకలు ఊడొస్తున్నాయని కొందరు బాధపడ్డారు. నొప్పి లేనిదే సేవ ఎక్కడిదని ఓదార్చాను.

అప్పుడొచ్చాడు మా వీధి దర్జీ. వాళ్లావిడకి ఆ సాయంత్రమే ఆపరేషన్. ఎవరో ఒకరు రక్తం ఇస్తే, ఏ గ్రూపైనా సరే, దానికి బదులు ఆవిడకి సరిపడేది ఇస్తామని బ్లడ్ బ్యాంకువాళ్లు చెప్పారట. అతనికి ఇదివరకు కామెర్లు వచ్చాయి కనుక పనికిరాడన్నారు. నేను లేచి వెళితే, నర్సు వేలు గుచ్చి చూసి "మీకే ఎవరైనా ఎక్కించాలండీ" అంది.

దర్జీ హాలంతా తిరిగి ఒక్కొక్కరినీ అడిగాడు.

"ఇప్పుడేగా ఇచ్చాను!" అని ఒకడు పళ్లరసం గ్లాసు చూపించాడు.

"సూదంటే నాకేం భయం లేదు బాబాయ్. మా అమ్మకి భయం" అన్నాడు ఇంకొకడు.

"మీ అమ్మగారిని అడగట్లేదు బాబూ."

"నాకు గుచ్చారని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు."

మా మరిది, "నేను నిర్వాహకుణ్ణి. నాకు కళ్లు తిరిగితే శిబిరం ఎవరు నడుపుతారు?" అన్నాడు.

దర్జీ తెర పక్కన గోడకి జారగిలబడ్డాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

ఇంతలో మంత్రిగారు వేంచేశారు. టీవీవాళ్లు లైవ్ మొదలుపెట్టారు. వారు మంచం మీద వాలడంలోనే ఒక హుందాతనం ఉంది. నేను ప్లాస్టర్ తీసుకుని కదలబోతుంటే నర్సు తెర తొలగించి అడిగింది.

"ఏవండీ, నిజంగా ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా, సామాను సర్దేసుకోనా?"

మంత్రిగారి తల వెనకున్న బ్యానర్ కేసి చూపించాను, అంతే. 'నేడు మంత్రిగారి రక్తదానం' అని మనిషెత్తు అక్షరాలు. చదువుకున్న పిల్ల. చదివింది, నమ్మింది, ట్రే పట్టుకుని వెళ్లింది. ప్లాస్టర్ నా చేతిసంచిలో వేసేసుకున్నాను.

"సార్, మొహంలో కొంచెం త్యాగం కావాలి" అన్నాడు కెమెరా అతను.

"అమ్మో!" అన్నారు మంత్రిగారు.

"సూపర్ సార్! అదే!"

మంత్రిగారు పీఏని కనుసైగతో పిలిచి, నవ్వు చెదరకుండా పళ్ల మధ్యనుంచి, "ఒరేయ్, ఇది నిజంగా గుచ్చింది" అన్నారు.

"లైవ్‌లో ఉన్నాం సార్. నవ్వండి."

"నా రక్తం పోతోందిరా!"

"కనిపిస్తోంది సార్. చాలా బాగా వస్తోంది. క్లోజప్ తీస్తున్నారు."

"ఆపమనరా!"

"ఇప్పుడాపితే కింద స్క్రోలింగు మారిపోతుంది సార్."

సంచి నిండేదాకా వారు నవ్వుతూనే ఉన్నారు. రాజకీయాల్లో అంత సుదీర్ఘమైన చిరునవ్వు నేనెన్నడూ చూడలేదు. సంచి తీసుకుని నర్సు, ఆమె వెనకే పరుగులాంటి నడకతో దర్జీ వెళ్లిపోయారు. ప్రశంసాపత్రం ఇవ్వబోతే మంత్రిగారు "పళ్లరసం" అన్నారు.

మర్నాడు పేపర్లన్నీ మొదటి పేజీలో ఆ చిరునవ్వే వేశాయి. మా మరిది మాత్రం కాలుగాలిన పిల్లిలా వచ్చాడు.

"కొంప మునిగింది వదినా! మంత్రిగారి ఒంట్లోంచి నిజం రక్తం తీసేశారు. ఘోరమైన భద్రతా వైఫల్యం అంటున్నారు. టోపీ పెట్టుకున్నావిడెవరో చూపించిందని ఆ నర్సు చెబుతోందట. టోపీలు అందరికీ ఇచ్చి చచ్చాం! పార్టీ విచారణ కమిటీ వేసింది. అందులో ఒక మహిళ ఉండాలి."

"నాకేం తెలుసని?"

"అందుకే నిన్నడుగుతున్నా."

సేవ అన్నాక కాదంటే బాగుండదు. ఒప్పుకున్నాను.

సాయంత్రం దర్జీ వచ్చాడు. వాళ్లావిడ కళ్లు తెరిచిందట. తెరవగానే, కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పావా లేదా అని దెబ్బలాడిందట. చెబుతూ నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అమ్మా, మంత్రిగారి దగ్గరికి ఆ నర్సమ్మని పంపిన మహాతల్లి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఒక్కసారి దండం పెట్టుకుంటాను."

"తొందరపడకయ్యా," అన్నాను. "విచారణ జరుగుతోంది."