పిత్తాశయంలో ఇంటి నంబరు

పైడితల్లి పిత్తాశయంలో పన్నెండేళ్లుగా కాపురముంటున్న టైఫాయిడ్ క్రిములకు పురపాలక సంఘం బుధవారం నాడు ఇంటి నంబరు ఇచ్చింది. ఆక్రమణల క్రమబద్ధీకరణ కింద వాటికి అర్హత ఉంది కాబట్టి ఇచ్చింది. నంబరు పలకను కుడి పక్కటెముకల కింద అంటించి, రెండు రోజులు తడపొద్దని చెప్పారు.

పైడితల్లి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. ఒంట్లో నలతగా ఉందని ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. పెరుగన్నం చేత్తో కలిపితేనే అన్నమని ఆమె నమ్మకం, పిల్లలదీ అదే మాట. ఈ ఏడాది పదకొండు మంది మంచాన పడ్డాక డాక్టరమ్మ వచ్చి అందరినీ పరీక్షించి, జబ్బు పైడితల్లి పిత్తాశయంలోంచి వంటింటి మీదుగా వస్తోందని తేల్చింది. ఏడో తరగతి దమయంతికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయింది. ఆ పిల్ల తలకు రోజూ నూనె రాసేది పైడితల్లే. ఇదంతా తనవల్లేనని ఆమెకు ఆ రోజే తెలిసింది. పిత్తాశయం తీయించుకుంటే సరిపోతుందని డాక్టరమ్మ అంటే ఆ పూటే ఒప్పుకుంది.

కానీ లోపల నివాసులున్నారు కనుక ఆపరేషనుకు అనుమతి కావాలి. సర్వేయరు వచ్చి స్కానింగు కాగితాలు చూసి నివేదిక రాశాడు. లోపల మూడు రాళ్లున్నాయి. వాటిమీద క్రిములు పక్కా ఇళ్లు కట్టుకుని, పైన జిగట పొర కప్పుకున్నాయి. మందులు రెండు విడతలు వచ్చి, ఆ పొర దాటలేక తిరిగి వెళ్లాయి. ఎవరినైనా తరిమేసే పైత్యరసం వీటికి అలవాటైపోయింది. రోజూ కొన్ని పేగులోకి దిగి బయటికి వెళ్తాయి. గొడవ లేదు, చప్పుడు లేదు, ఇరుగుపొరుగు నుంచి ఫిర్యాదు లేదు.

పురపాలక కార్యాలయంలో గుమాస్తా వైకుంఠరావు బల్ల ముందు పైడితల్లి నిలబడింది.

"పిల్లలు పడిపోతన్నారు బాబూ. కోయించీడానికి నానొప్పుకుంతన్నాను."

"నువ్వు ఒప్పుకుంటే చాలదమ్మా. ఖాళీ చేయమన్న నోటీసు అందినట్టు లోపలివాళ్లు సంతకం పెట్టాలి."

"ఆల్లకి సేతులేవి బాబూ?"

"అదే చిక్కు. సరే, నీకు జ్వరముందా?"

"నేదు."

"నొప్పో?"

"నేదు బాబూ."

"మరి నీ దగ్గర జబ్బెక్కడున్నట్టు?"

 

దరఖాస్తులో లక్షణాల గడి ఆమెకు ఖాళీగా ఉంది. పదకొండు మంది పిల్లలకు మాత్రం చోటు చాలక అదనపు కాగితాలు కుట్టారు. కాబట్టి జబ్బు చిరునామా పిల్లలేనని కార్యాలయం నిర్ధారించి, హాస్టలు పట్టీలోంచి వాళ్ల పేర్లు కొట్టేసి ఊళ్లకు పంపమంది. పైడితల్లిని ఆరోగ్యవంతురాలిగా ధ్రువీకరించి వంటలోనే కొనసాగించమంది. చేతులు కడుక్కోవడానికి ఆమె సబ్బు అడిగితే, నివాసుల రాకపోకల దారికి అడ్డు కట్టకూడదని మరో కాగితం వచ్చింది.

జీపు ఎక్కేముందు దమయంతి తలకు తువ్వాలు చుట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"నా జొరం నీకు అంటుకోనేదు కదా పెద్దమ్మా?"

"నేదమ్మా," అంది పైడితల్లి. ఆమెకు ఏడుపొచ్చింది. జీపు మలుపు తిరిగేదాకా ఏడ్చి, ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పదిహేను రోజుల్లో ఖాళీలు నిండాయి. జ్వరమొచ్చిన వాళ్ల పేర్లు ఏ రోజుకారోజు కొట్టేయడం హాస్టలు మేట్రనుకు అలవాటైంది. జిల్లా మొత్తంలో జ్వరాలు లేని వసతిగృహంగా దీనికి మంచి పేరొచ్చింది. ఆ పేరు విని కొండ ఊళ్ల నుంచి కూడా పిల్లల్ని తెచ్చి చేర్చారు.

అలా వచ్చిన ఒక పిల్ల మొదటిరోజు కంచం పట్టుకుని బెరుగ్గా అడిగింది.

"ఇక్కడ ఎవలికీ జొరాలు రావంట కదా పెద్దమ్మా?"

"వొచ్చినోల్లు ఇక్కడుండరమ్మా," అంది పైడితల్లి.

ఆ పిల్ల కుదుటపడి కంచం ముందుకు చాపింది.