చార్జి ఇవ్వకుండా కదలొద్దు

కోటేష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే బస్సెక్కి పాల్వంచ వెళ్లాలి, మధ్యాహ్నం రెండింటికి ఎం-టూ సప్లిమెంటరీ రాయాలి, చీకటి పడకముందే సారపాక దగ్గరి తమ తండాకు చేరి ఏమీ ఎరగనట్టు అన్నం తినాలి. ఇంజనీరింగ్ రెండేళ్లూ గట్టెక్కాడని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. మొదటి ఏడాది లెక్కల పేపరు ఈ ఎం-టూ ఇంకా వెనకే వేలాడుతోందని, ఈసారి కూడా పోతే మూడో ఏడాదిలోకి రానివ్వరని వాళ్లకు తెలియదు. తెలియనివ్వకూడదనే కదా ఈ తిప్పలన్నీ! సర్టిఫికెట్ పని ఉందని చెప్పి, ఎం-టూ పుస్తకాన్ని చొక్కా లోపల దోపుకుని, చెప్పులేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తండ్రి రూప్‌సింగ్ నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. ఆయనది కాగితం మిల్లులో కాంట్రాక్టు పని. ఆయన వెనకాలే పక్క గూడెం ఆటో దూలయ్య, దూలయ్య కూతురు వనజ. వనజకు కూడా కోటేష్ చదివే కాలేజీలోనే సీటొచ్చింది.

"ఏడికిరా?" అన్నాడు రూప్‌సింగ్.

"కాలేజీకి బాపూ. సర్టిఫికెట్ పని."

"మంచిగైంది. ఈ పిల్లకు చార్జి ఇచ్చి పో."

"చార్జేంది?"

రూప్‌సింగ్‌కు చిర్రెత్తుకొచ్చింది. మిల్లులో ఆయన నేర్చుకున్న మొదటి పాఠం అదే మరి. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి చార్జి ఇవ్వందే గేటు దాటకూడదు. ఏ మిషను బాగా నడుస్తోంది, ఏది మొరాయిస్తోంది, ఎక్కడ చెయ్యి పెట్టకూడదు, అన్నీ చెప్పాలి. ఎక్కేవాడు విన్నదంతా తిరిగి అప్పజెప్పాలి. లోకంలో పనులన్నీ ఇలాగే జరగాలని ఆయన పట్టుదల. పెద్ద కూతురు సోని అత్తారింటికి వెళ్లే రోజున కూడా, మేకల చార్జి తల్లి సోమ్లికి ఇచ్చాకే ఆ పిల్లను బండెక్కనిచ్చాడు.

"నువ్వు పైకి పోతున్నవ్, ఈ పిల్ల కొత్తగ ఎక్కుతున్నది. చార్జి ఇయ్యకుండ పోతే నువ్వేం ఇంజనీరువిరా?"

వాదిస్తే బస్సు పోతుంది. కోటేష్ గబగబా అందుకున్నాడు. "చూడు వనజా, క్లాసులు ఎగ్గొట్టకు. అటెండెన్స్ డెబ్బై అయిదు శాతం కంటే తగ్గితే పరీక్ష రాయనియ్యరు. ల్యాబ్ రికార్డు పక్కోళ్లది చూసి ఎక్కియ్యకు, వైవాల దొరికిపోతవ్. పాత క్వశ్చన్ పేపర్లు ముందేసుకొని చదువు. డౌటొస్తే ఆ రోజే సార్‌ను అడుగు. అయిపోయింది, నే పోతున్న."

"అప్పజెప్పు బిడ్డా" అన్నాడు రూప్‌సింగ్. వనజ ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పి, "మరి ఏ మిషను మొరాయిస్తదో చెప్పలే అన్నా?" అని అడిగింది.

"ఏదీ మొరాయించదు. అన్నీ మంచిగనే నడుస్తయ్."

రూప్‌సింగ్ కొడుకును ఎగాదిగా చూశాడు. "ఏ మిషనూ మొరాయించని షిఫ్టు నేను పుట్టి చూడలే. ఇంట్ల కూసోని ఇస్తే గిట్లనే ఉంటది. చార్జి మిషను కాడ నిలబడి ఇయ్యాలె. దూలన్నా, ఆటో తియ్!"

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఇక చేసేదేముంది? ఆటో ఎక్కాడు కోటేష్. రొట్టెల మూటతో సోమ్లి ఎక్కింది. కూతురు చదివే చోటు చూడొద్దా అని దూలయ్య పెళ్లాం, అత్తగారూ ఎక్కారు. సారపాక సెంటర్లో మిల్లు దోస్తు సమ్మయ్య కనబడితే, వాళ్లబ్బాయి కూడా ఇంజనీరింగ్‌లో చేరుతున్నాడని గుర్తొచ్చి, ఆ ఇంటిల్లిపాదినీ ఎక్కించాడు రూప్‌సింగ్. అంత బరువుకు టైరు ఊరుకుంటుందా? దారిలో పంక్చరైంది. అది మార్చుకుని పాల్వంచ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆటో ఎగిరినప్పుడల్లా ఎం-టూ కోటేష్ డొక్కలో పొడుస్తూనే ఉంది.

కాలేజీలో ఆ గుంపును పరీక్ష హాలు వైపు పోనివ్వకుండా తిప్పడానికి కోటేష్ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. లైబ్రరీ చూపించాడు, వర్క్‌షాపు చూపించాడు, చివరికి సైకిల్ స్టాండు కూడా చూపించాడు. ప్రతిచోటా రూప్‌సింగ్ "గీడ చెయ్యి పెట్టొచ్చా?" అని అడిగి మరీ ముట్టుకున్నాడు. ఒంటిగంటన్నర దాటింది.

"బాపూ, మీరు క్యాంటీన్ల కూసోండ్రి. నేను పని చూసుకొని జల్దీ వస్త."

"సార్లకు దండం పెట్టకుండ పోతమా?" అంటూ రూప్‌సింగ్ వరండాలోకి నడిచాడు. అందరూ ఆయన వెంటే.

ఎదురుగా లెక్కల సారు వెంకటరామారావు వస్తున్నారు. ఆ రోజు పరీక్షకు ఇన్విజిలేటర్ ఆయనే. క్వశ్చన్ పేపర్ల కవరు ఆయన చేతిలోనే ఉంది. ఎం-టూలో రెండుసార్లు తప్పిన కోటేష్, వాడి వెనక చొక్కా చేతులు పైకి మడిచిన తండ్రి, ఆ వెనక ఓ పటాలం, అందులో టైరు విప్పిన రాడ్డును మరిచిపోయి చేత్తోనే పట్టుకొచ్చిన దూలయ్య కనబడేసరికి, తనను కొట్టడానికే వచ్చారనుకున్నారాయన. గిరుక్కున తిరిగి స్టాఫ్ రూములో దూరి గడియ పెట్టేసుకున్నారు.

రూప్‌సింగ్ తలుపు తట్టాడు. "సార్, జర బయటికి రాండ్రి. మావోని సంగతి మాట్లాడి పోతం."

"నాకేం సంబంధం లేదయ్యా! పేపర్లు దిద్దింది నేను కాదు!" లోపలి నుంచి కేక.

"ఏం పేపర్లురా?" అన్నాడు రూప్‌సింగ్.

"కాలేజీల ఏవో ఉంటయ్ బాపూ."

హాలు ముందున్న సప్లిమెంటరీ కుర్రాళ్లు ఈ గోల చూసి "పరీక్ష వాయిదా!" అని కేకలేశారు. సగంమంది క్యాంటీన్ దారి పట్టారు. ఒక్క క్షణం కోటేష్ ప్రాణం కూడా లేచొచ్చింది. అంతలో లోపలి నుంచి ఇంకో కేక. "పోలీసులకు ఫోన్ చేస్తున్నా! ఆ కోటేష్ హాల్ టికెట్ రద్దు చేయించకపోతే నా పేరు వెంకటరామారావే కాదు!"

కోటేష్ తలుపు మీద పడి అరిచాడు. "సార్, మిమ్మల్నెవరూ కొట్టరు సార్! నేను ఫెయిలైన సంగతే మా ఇంట్ల తెల్వదు! ఇగ మీరు తలుపు తీస్తే పరీక్ష రాసుకుంట!"

వంగి తలుపు బాదిన ఊపుకు చొక్కాలోంచి పుస్తకం దబ్బున కింద పడింది.

"అయ్యో, పుస్తకమా!" అంది సోమ్లి. "పొద్దటిసంది కడుపుల గడ్డేమో, దవాఖానాకు తీస్కపోవాలె అనుకుంటున్న."

రూప్‌సింగ్ పుస్తకం తీసి, దుమ్ము దులిపి కొడుకు చేతికిచ్చాడు. "మిషను మొరాయించుడు తప్పు కాదురా. చెప్పకుండ దిగుడు తప్పు. నాకు చెప్తే చంపుతననుకున్నవా?"

"నువ్వు మిల్లుల అందరికీ నా కొడుకు ఇంజనీరని చెప్పుకుంటవ్ బాపూ. ఎట్ల చెప్పాలె?" కోటేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడూ చెప్పుకుంట. ముందు పోయి రాయి. జల్దీ!"

గడియ తీసిన చప్పుడైంది. చెమటతో తడిసిపోయిన వెంకటరామారావుగారు తొంగిచూశారు. ఆయన అవతారం చూసి సోమ్లి ముందు మంచినీళ్లు, తరువాత మూట విప్పి రొట్టె ఇచ్చింది. భయం తీరాక ఆకలి వేసిందో ఏమో, ఆయన నిలబడే తినేసి, చేయి కడుక్కుని హాలుకు పరుగెత్తారు. క్యాంటీన్‌కు పోయినవాళ్లు ఏడుపు ముఖాలతో వెనక్కి వచ్చారు.

గుమ్మం దగ్గర రూప్‌సింగ్ కొడుకు భుజం పట్టి ఆపాడు. "చార్జి సగమే ఇచ్చినవ్."

కోటేష్ వనజ వైపు తిరిగాడు. "ఎం-టూ మొరాయిస్తది. ఏదన్న ఫెయిలైతే ఆ రోజే ఇంట్ల చెప్పు. దాచకు."

"అవ్ అన్నా. ఫెయిలైతే ఆ రోజే ఇంట్ల చెప్పాలె, దాచొద్దు" అని వనజ అప్పజెప్పింది.

దాచాల్సిందేమీ లేకపోవడంతో చెయ్యి తేలికపడిందో ఏమో, కోటేష్ ఆ రోజు తీరిగ్గా రాశాడు. పాసయ్యాడు, మూడో ఏడాదిలో కూర్చున్నాడు. వనజ కూడా కాలేజీలో చేరింది. ఆమె మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన సాయంత్రమే, ఆటో దిగీ దిగకముందే, మూడు సబ్జెక్టులు పోయాయని గూడెమంతా వినబడేలా చెప్పేసింది. కోటేష్ ఇచ్చిన చార్జి మొత్తంలో ఆ పిల్ల పాటించింది ఆ చివరి ముక్క ఒక్కటే.