పదవీ విరమణ లేని చేతులు

పదవీ విరమణ రోజున న్యూరోసర్జరీ ప్రొఫెసర్ డాక్టర్ పమిడిపాటి దక్షిణామూర్తి గారు శాలువా కప్పించుకుని, దండ వేయించుకుని, నాలుగు మంచి మాటలు విని, రెండు చేతులనూ మణికట్ల దగ్గర విప్పి విభాగానికి అప్పగించి, రసీదును చొక్కా జేబులో పెట్టించుకుని ఇంటికి వెళ్లారు. సభ అనుకున్న వేళకే ముగిసింది. గారెలు బాగున్నాయని అందరూ అన్నారు.

ఇందులో వింత ఏమీ లేదు. మన బోధనాసుపత్రిలో ఈ పద్ధతి వచ్చి చాలా కాలమైంది. పూర్వం పేరున్న సర్జన్ సాయంత్రం రిటైరై, మర్నాడు పొద్దున రోడ్డుకు అవతలి పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రిలో కూర్చునేవాడు. స్కాన్ కవర్లు చంకన పెట్టుకుని రోగులంతా రోడ్డు దాటి అటు వెళ్లిపోయేవారు. వాళ్లను అనడానికి లేదు. మనవాళ్లు డిగ్రీ చూసి తల అప్పగించరు, హస్తవాసి చూసి అప్పగిస్తారు. అప్పుడు ప్రభుత్వం ఆలోచించింది. ఈ హస్తవాసి ఎక్కడ వచ్చింది? ప్రభుత్వ దీపాల కింద, ప్రభుత్వ బల్లల మీద, ధర్మాసుపత్రికి వచ్చిన తలల్లో వచ్చింది. క్వార్టర్సు తాళం చెవి, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చి వెళ్లే మనిషి, వాటికన్నా విలువైనదాన్ని జేబులో పెట్టుకుని వెళ్లిపోతే ఎలా? అలా బకాయిలు లేవన్న సర్టిఫికెట్‌లో చేతులు కూడా చేరాయి. ఒకరిద్దరు కోర్టుకు వెళదామనుకున్నారు గానీ, వకాల్తా మీద సంతకం పెట్టడానికి చేతులు లేక మానుకున్నారు.

ఫలితం మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. ఒకప్పుడు తలకు దెబ్బ తగిలితే అంబులెన్సులో హైదరాబాదుకు పంపి దేవుడి మీద భారం వేసేవాళ్లం. ఇప్పుడు హైదరాబాదు వాళ్లే ఫోన్ చేసి బెడ్ ఖాళీ ఉందా అని అడుగుతున్నారు. ముక్కులోంచి గొట్టం పంపి మెదడు అడుగున ఉన్న గడ్డను తీసుకొస్తున్నాం. ఊళ్లో దారి చూపే ఫోను మాదిరిగా మెదడులో దారి చూపే యంత్రం వచ్చింది. రోగి మెలకువగా ఉండి పిల్లల పేర్లు చెబుతుంటే, మాటల తావు తగలకుండా పక్కనుంచి కోస్తున్నాం. ఈ పనులన్నిటి వెనకా దక్షిణామూర్తి గారి చేతులున్నాయి. ఆయన అప్పగించి వెళ్లాక అవి మరింత బాగా చేస్తున్నాయని విభాగం వార్షిక నివేదికలో రాసుకుంది. ఆకలీ, అలసటా, ఇంటి ధ్యాసా లేని చేతులు కదా.

శిక్షణకైతే ఆ చేతుల్ని మించిన గురువు లేదు. పీజీ విద్యార్థి తన చేతిని వాటి కింద పెడితే చాలు. ఎముకను ఎంత నొక్కాలో, మెదడు పొరను ఎంత సుకుమారంగా ఎత్తాలో తోలుకు తోలే నేర్పుతుంది. తొందరపడితే వేలితో కణుపు మీద ఒక్కటిస్తుంది. నొప్పి సంగతి ఎలా ఉన్నా, ఆ దెబ్బ తిన్నామని చెప్పుకోవడం పిల్లలకు గొప్ప. చేతులు వణకకుండా ఎలా ఉంటాయన్న దాని మీద విభాగం రాసిన పరిశోధనా పత్రంలో వాటి పేరును రెండో రచయితగా వేశారు. విదేశీ సదస్సుకు పంపాలనుకున్నారు గానీ, వీసాకు ముఖం ఫొటో కావాలన్నారు.

రోజూ ఉదయం వేలిముద్ర యంత్రం దగ్గర మొదటి హాజరు ఆ చేతులదే. దీనివల్ల పెన్షన్ ఆఫీసులో చిన్న చిక్కొచ్చింది. బతికున్నట్టు రుజువు చేసుకోవడానికి ఏటా బొటనవేలి ముద్ర వేయాలి. ఆ వేలు ఇంకా ఉద్యోగంలో ఉంది. పైకి రాస్తే, చేతులు డ్యూటీకి వస్తున్నంత కాలం మనిషి బతికే ఉన్నట్టు భావించాలని జవాబొచ్చింది. దక్షిణామూర్తి గారు దాన్ని కాదనలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ తన గురించి తాను అనుకున్నదీ అదే.

ఇంట్లో ఆయనకు లోటేమీ లేదు. భార్య హైమావతి గారు అన్నం కలిపి ముద్దలు పెడుతుంది, చొక్కా గుండీలు పెడుతుంది, పేపరు పేజీలు తిప్పుతుంది. పెళ్లయ్యాక ఇద్దరూ ఒకే వేళకు భోంచేయడం ఇదే మొదలు. ఆవకాయ ముద్ద నోట్లో పెడుతూ ఆవిడ అనేది, "ఈ మాత్రానికి చేతులు ఎప్పుడో ఇచ్చేయాల్సిందండీ. ఇన్నేళ్లూ ఒక్కదాన్నే తిన్నాను."

ఆయన నవ్వేవారు. ఆవిడ ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుని "ఏంటీ, వినపడట్లా" అంటున్నప్పుడు కూడా నవ్వేవారు. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకోవడం చూశాక మాత్రం నవ్వలేదు. స్కాన్ తీయించారు. చెవి నరం మీద గడ్డ. దాన్ని ఆనుకునే ముఖాన్ని కదిపే నరం, నూలుపోగంత. గడ్డ తీసేటప్పుడు చెయ్యి వెంట్రుకవాసి అదిరితే ముఖం ఒక పక్కకు జారిపోతుంది, కన్ను మూతపడదు, నవ్వు సగమే ఉంటుంది. ఇంకొంచెం అదిరితే మనిషే ఉండదు. ఇవన్నీ ఆయన ఎన్నో ఏళ్లు ఎంతోమంది భర్తలకు తొణక్కుండా చెప్పినవే.

ఇప్పుడు విభాగాధిపతి డాక్టర్ రజియా. ఆయన దగ్గరే నేర్చుకున్న మనిషి, కణుపుల మీద దెబ్బలు తిన్న మనిషి. స్కాన్ చూసి, "ఇది మీ చేతులే చేయాలి సార్. నేను చేయగలను గానీ, మేడమ్‌కి చేయగలిగిన చెయ్యి చాలదు, ఉన్నవాటిలో మంచిది కావాలి" అంది.

"సొంతవాళ్లకి కత్తి పట్టకూడదని నీకు నేర్పింది నేనే కదమ్మా."

"మీరు పట్టడం లేదుగా సార్. విభాగం పడుతోంది."

విషయం నైతిక కమిటీకి వెళ్లింది. ఈ చేతులు రోగికి బంధువులవుతాయా కావా అన్నది ప్రశ్న. తాళి కట్టింది ఈ చేతులే కదా అని ఒక సభ్యుడు గట్టిగా పట్టుబట్టాడు. కట్టిన నాటికి అవి సర్వీసులో చేరలేదని, చేరాక పూరించిన పత్రాల్లో భార్య పేరు మనిషికి రాశారే గానీ చేతులకు రాయలేదని మరో సభ్యుడు గుర్తుచేశాడు. చేతులు అవివాహితులని కమిటీ తేల్చింది. భర్త అంగీకార పత్రం దగ్గర కాస్త ఆగారు. ఆసుపత్రి చేతులతో సంతకం పెట్టిస్తే ఆసుపత్రికి ఆసుపత్రే అనుమతి ఇచ్చుకున్నట్టవుతుంది. చివరికి దక్షిణామూర్తి గారు చెప్పు విడిచి కాలి బొటనవేలితో ముద్ర వేశారు.

ముద్ర వేశాక రజియాను వరండా చివరికి పిలిచారు. "వాటికి తెలియనివ్వకమ్మా."

"వాటికి కళ్లూ చెవులూ లేవు కదా సార్. ముఖం మీద ఎలాగూ గుడ్డ కప్పుతాం."

"చేతులకి తెలుస్తుందమ్మా. కన్ను చూడకముందే వేలికి తెలుస్తుందని మీకు క్లాసులో చెప్పింది ఊరికే కాదు. ఆవిడ చర్మం తగలగానే గుర్తుపడతాయి. గుర్తుపడితే వణుకుతాయి." ఇన్నేళ్ల సర్వీసులో ఆయన భయపడటం రజియా చూడలేదు. "రెండు జతల గ్లవ్స్ తొడుగుతాను సార్" అంది.

ఆపరేషన్ రోజున ఆయన థియేటర్ బయట అటెండెంట్ల బల్ల మీద కూర్చున్నారు. ఆ బల్ల అంత ఇరుకని ఆయనకు అంతవరకు తెలియదు. పక్కనున్న రైతు ఎవరో తన తువ్వాలుతో ఆయన నుదుటి చెమట తుడిచాడు, టీ గ్లాసు నోటికి అందించాడు. "భయపడమాకండి. ఇక్కడ ఒక పెద్ద డాక్టరుగారి చేతులున్నాయంట. మా తమ్ముడికి అయ్యే చేసినయ్. దేవుడి చేతులనుకోండి" అన్నాడు. దక్షిణామూర్తి గారికి గర్వంగానే అనిపించింది. గర్వం టీతో పాటు గొంతు దిగుతుంటే, లోపల ఆ చేతులు ఒక్క క్షణం ఆగితే చాలు తన బతుకు ఏమవుతుందో అన్న భయం ఎదురొచ్చింది.

పొద్దు వాలుతుండగా రజియా బయటికొచ్చింది. మాస్కు దించిన ముఖం వెలిగిపోతోంది.

"గడ్డ మొత్తం వచ్చేసింది సార్. ముఖం నరం నిక్షేపంలా ఉంది. పీజీలంతా తెర మీద చూశారు, ఎవరూ ఊపిరి తీసుకోలేదు. మీరు అనవసరంగా బెంగపడ్డారు. వెంట్రుకవాసి కూడా వణకలేదు."

"ఎక్కడా ఆగలేదా?"

"ఎక్కడా ఆగలేదు సార్. ఏ పేషెంట్‌కి చేసినట్టే చేశాయి."

ఆయన లేచి నిలబడ్డారు. రైతును చూసి, "అవి నావేనయ్యా" అన్నారు. రైతు లేచి దండం పెట్టాడు. తిరిగి దండం పెట్టే వీలు లేక ఆయన తల వంచారు. ఛాతీ నిండా గర్వం. దానికింద ఎక్కడో చల్లగా ఒకటి తగిలింది. ఏ పేషెంట్‌కి చేసినట్టే. ఆ మాట మంచి మాటే. ఇంతకన్నా మంచి మాట ఏ సర్జనూ వినబోడు. అయినా ఆయన మళ్లీ బల్ల మీద కూర్చున్నారు. రాత్రి ఐసీయూలోకి పిలిచేదాకా లేవలేదు.

హైమావతి గారికి మెలకువ వచ్చాక, దాచుకోలేక చెప్పేశారు. "నిన్ను గుర్తుపట్టలేదు హైమా. గుర్తుపడతాయని హడలి చచ్చాను. అసలు గుర్తే పట్టలేదు."

ఆవిడ నవ్వింది. నవ్వు రెండు పక్కలా సమానంగా వచ్చింది. దాన్ని చూసి ఆయనకు కళ్ల నీళ్లొచ్చాయి, తుడుచుకోవడానికి ఏమీ లేక భుజానికి రుద్దుకున్నారు.

"పిచ్చి మనిషీ, అవి నన్నెప్పుడు ముట్టుకున్నాయి గనక? జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారా ఎప్పుడైనా? ఆసుపత్రి నుంచి మనిషికిచ్చి థర్మామీటరు పంపేవారు." ఆవిడ మాటలో దెప్పు లేదు, అలసట ఉంది. "పోన్లెండి. తెలియకపోబట్టే బతికాను."

ఇంటికొచ్చి కోలుకున్నాక ఆవిడ ఒక కోరిక కోరింది. ఆ చేతులు ఒకసారి చూడాలని. ఆసుపత్రి కాదనలేదు. పని లేని గురువారం సాయంత్రం విజిటర్ల వేళలో చూడొచ్చని అనుమతిచ్చింది. పాసు ఒక్కరికే. వరసకు భర్తయినా, చేతుల పూర్వపు యజమానైనా, నియమం నియమమే. కాబట్టి ప్రతి గురువారం ఆవిడ లోపలికి వెళుతుంది, ఆయన అదే బల్ల మీద కూర్చుంటారు. లోపల ఆవిడ చేతుల్ని ఉంచే గాజు బీరువా పక్కన స్టూలు వేసుకుని, వాటికి గోళ్లు తీసి, కొబ్బరినూనె రాసి, ఇంటి కబుర్లు చెబుతుంది. వాటికి చెవులు లేవని సిస్టరు అన్నా వినదు. అలవాటు కావాలిగా అంటుంది.

బయట కొత్త అటెండెంట్లు అడుగుతారు, లోపల మీవాళ్లెవరండీ అని. "నా చేతులు" అంటారాయన. ఎలా ఉన్నాయంటే, "చాలా బాగున్నాయి, మంచి పేరొచ్చింది" అంటారు. ఆ వరండాలోనే అప్పుడప్పుడు రజియా ఎదురొస్తుంది. ఆమె చేతుల కొలతలు కూడా ముందుగానే తీసుకుని పెట్టారు, గాజు బీరువాలో రెండో అర ఖాళీ చేయించారు. నమస్కారం పెట్టి, ఇంటి నుంచి మోగుతున్న ఫోన్ కట్ చేసి, థియేటర్లోకి పరుగెడుతుంది. అచ్చం తనలాగే ఉందని ఆయన మురిసిపోతారు.

మొన్న గురువారం హైమావతి గారు బయటికి వచ్చేసరికి ముఖంలో ఏదో సంతోషం. ఆయన ఆత్రంగా లేచారు.

"ఏమైంది?"

"ఇవాళ అదే నా చెయ్యి పట్టుకుందండీ. కుడిది. నేను పట్టుకోలేదు, అదే పట్టుకుంది."

"నిజంగానా! తర్వాత?"

"నాడి చూసి వదిలేసింది."

దక్షిణామూర్తి గారు ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత ముఖం విప్పారింది.

"నాడి బాగుందన్నమాట" అన్నారు. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగి బస్సు కోసం నిలబడ్డారు.