పదిహేడో నంబరు మనిషి

ఆ ఉదయం పెద్ద గుమాస్తాగారి కార్యక్రమం చాలా తేలిక. గడ్డం గీసుకోవాలి, ఒక ప్రశ్నపత్రం నింపాలి, ఆఫీసుకు వెళ్లి ఇరవైమూడుమంది మనసుల లోతు తేల్చాలి. మూడోది మధ్యాహ్నం టీ వేళకు అయిపోతుందని ఆయన అంచనా.

ఊరికి నీళ్లు పంపే కార్యాలయంలో ఆయనది పంతొమ్మిదేళ్ల సర్వీసు. కిందటి వారమే ఆఫీసువాళ్లు మనిషి స్వభావం గురించి మూడు రోజుల శిక్షణకు పంపారు. పూర్వం ఒంట్లోని నాలుగు రసాలను బట్టి మనుషుల్ని నాలుగు రకాలుగా విడదీసేవారని మొదటిరోజు తెలిసింది. రెండోరోజు అంతర్ముఖులు, బహిర్ముఖులు, అచేతన మనసు, ఈ కాలపువాళ్లు లెక్కలోకి తీసుకునే అయిదు గుణాలు, అన్నీ వరసగా తెలిశాయి. మూడోరోజు మధ్యాహ్నం ఏం చెప్పారో మాత్రం ఆయనకు తెలియదు. సర్టిఫికెట్టు పొద్దున్నే చేతికిచ్చేయడంతో ఫ్రేము కట్టించడానికి బజారుకు వెళ్లిపోయాడు.

అప్పటినుంచి ఆయన ఎవరినీ మామూలుగా చూడటం మానేశాడు. ఎదురింటాయన పలకరిస్తే తల మాత్రమే ఊపాడని అంతర్ముఖుల్లో వేసేశాడు. పాపం, ఆయనకు ఆ వారమంతా పంటినొప్పి.

వచ్చే నెల ఆఫీసులో కొత్తగా ఫిర్యాదుల విభాగం పెడుతున్నారు. దానికో విడి గది, గదికో కిటికీ, తలుపు మీద అధికారి పేరున్న పలక. ఆ కుర్చీకి తగిన మనిషిని ఈ పరీక్షతోనే ఎంపిక చేస్తానని మేనేజరు ఒప్పుకున్నాడు. పెద్ద గుమాస్తాగారు అలాంటి తలుపు కోసం పంతొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. రాత్రి కల్లో ఆ పలకను రెండుసార్లు తుడిచాడు కూడా.

ప్రశ్నలు యాభై. తయారుచేసింది ఆయనే. పైన లావుపాటి అక్షరాలతో "నిజం మాత్రమే రాయండి" అని అచ్చు వేయించిందీ ఆయనే. ఎవరికి ఏ నంబరు కాగితం ఇచ్చారో మేనేజరు ఒక జాబితా రాసి సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. నింపేవాళ్లకు కూడా తమ నంబరు తెలియకూడదని కాగితం మూల మడిచి పిన్ను కొట్టారు. శాస్త్రం అందరికీ ఒకటే కాబట్టి పెద్ద గుమాస్తాగారూ ఒక కాగితం తీసుకుని, పిన్ను వైపు కన్నెత్తి చూడకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

చెంపల నిండా సబ్బు నురగ ఉండటంతో టిక్కులు పెట్టే పని భార్యకు అప్పగించాడు.

"ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వింటారా?" అని ఆవిడ మొదటి ప్రశ్న చదివింది.

"ఎప్పుడూ వింటాను. పెట్టు."

ఆవిడ పెన్సిలు కాసేపు గాల్లోనే ఆగింది. "ఏవండీ, ఇక్కడ పైన..."

"నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు. నువ్వు పెడుతూ పో."

ఆవిడ పెడుతూ పోయింది. యాభై అయ్యాక కాగితం మడిచి ఆయన సంచిలో టిఫిను డబ్బా పక్కన పెట్టింది.

ఆఫీసులో హాలు తలుపు వేసుకుని కూర్చుని, తన కాగితాన్నీ మిగతావాటిలో కలిపేసి, పిన్నులు తీసి, ఇరవైమూడు కాగితాలూ దిద్దాడు. తొమ్మిదో నంబరు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఓర్పు, శ్రద్ధ, ఎదుటివారి మాట వినే గుణం, దేనికీ గాభరా పడని తత్వం. ఇది ఎవరిదో వేరే చెప్పాలా? తన కాగితం తానే దిద్దుకుంటూ పక్షపాతం చూపకూడదని ఒక మార్కు తగ్గించాడు. ఆ తర్వాత "ఫిర్యాదుల విభాగానికి పుట్టిన మనిషి" అని రాసి కింద గీత గీశాడు.

పదిహేడో నంబరును మాత్రం ఆయన రెండుసార్లు చదివాడు. ఎదుటివారి మాట వింటారా అంటే అసలు లేదు. తప్పు ఒప్పుకుంటారా అంటే అసలు లేదు. అన్నీ తనకే తెలుసనుకుంటారా అంటే ఎప్పుడూ. "గురివింద గింజ తన నలుపెరగదన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది. ఈ వ్యక్తిని జనానికి దూరంగా, వీలైతే కింద రికార్డు గదిలో ఉంచాలి" అని రాశాడు. చివరి ప్రశ్న, "మీతో కలిసి ఉండేవాళ్లకు మీరంటే ఇష్టమేనా?" దానికి మాత్రం "ఎప్పుడూ" అని టిక్కు ఉంది. ఆయనకు జాలి వేసింది. "పాపం, ఇదొక్కటి భ్రమ" అని నివేదిక ముగించాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని అంత పాండిత్యాన్ని కడుపులో దాచుకోవడం కష్టం. టీ దగ్గర ఆయన గొంతు సవరించుకుని, మనలో పదిహేడో నంబరు మనిషి ఒకరున్నారని, పేరు బయటపడితే వాళ్ల గతి రికార్డు గదేనని చెప్పాడు. ఎవరి నంబరు వాళ్లకు తెలియదు. అందువల్ల ప్రతివాళ్లూ అది తామేనని నిశ్చయించుకున్నారు.

మర్నాటికి ఆఫీసు తలకిందులైంది. మీటర్ల విభాగంలో అందరూ చిటపట అని పిలుచుకునే ఉద్యోగి పొద్దుటినుంచి నవ్వుతూనే ఉన్నాడు. కుళాయి రావడం లేదని చెప్పుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆ నవ్వు చూసి, ఇదేదో తన కనెక్షన్‌కే ఎసరు పెట్టేలా ఉందని గాభరాపడి, చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఎవరితోనూ మాట్లాడని స్టోరుకీపరు వాల్వు తీసుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి తన పెళ్లిచూపుల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. వాల్వు అడిగినవాళ్లు అల్లుడి కథ వరకూ వచ్చారు గాని, వాల్వు వరకూ రాలేదు.

ఇంతలో మెయిన్ రోడ్డులో పెద్ద పైపు పగిలింది. అక్కడ ఇద్దరు ఫిట్టర్లు. మామూలుగా ఒకరినొకరు తోసుకుంటూ అరనిమిషంలో నీళ్లు ఆపేసే మనుషులు. ఆరోజు మాత్రం "వాల్వు మీరు తిప్పండి అన్నా" అని ఒకరు, "కాదు, మీరు పెద్దవారు, మీరే తిప్పాలి" అని మరొకరు మర్యాదలు జరుపుకుంటూ ఉండగా నీళ్లు మోకాలి దాకా వచ్చేశాయి.

మేనేజరు బూట్లు చేత్తో పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. తడిసిన ప్యాంటుతోనే అందర్నీ హాల్లోకి పిలిచి, ఈ పదిహేడో నంబరు ఎవరో ఇప్పుడే తేలిపోవాలన్నాడు. జాబితా బయటికి తీశాడు.

పెద్ద గుమాస్తాగారు ముందు తొమ్మిదో నంబరు చదవమని కోరి, చొక్కా సర్దుకుని, కుర్చీలోంచి సగం లేచాడు కూడా.

"తొమ్మిది... మన డిస్పాచ్ అమ్మాయి" అన్నాడు మేనేజరు. "అయితే ఫిర్యాదుల విభాగం ఈమెకే."

ఉత్తరాల మీద ముద్రలు వేసే ఆ అమ్మాయిని ఆఫీసులో మూగనోము అంటారు. ఎవరేం చెప్పినా చివరిదాకా వింటుంది, అందుకని తనకు మాట్లాడే వంతే రాదు. ఆమె లేచి, "నేను చేస్తానండి" అంది. ఆ గొంతు అంత నిబ్బరంగా ఉంటుందని అక్కడ ఎవరికీ తెలియదు.

సగం లేచిన పెద్ద గుమాస్తాగారు అలాగే ఉండిపోయాడు. మేనేజరు వేలు జాబితాలో కిందికి జారి పదిహేడు దగ్గర ఆగింది. ఆయన ఒకసారి జాబితా వైపు, ఒకసారి గుమాస్తా వైపు చూసి, "మీరేనండి" అన్నాడు.

అది తాను చెప్పినట్టు లేదని, టిక్కులు తన భార్య పెట్టిందని పెద్ద గుమాస్తాగారు మొత్తుకున్నాడు. మేనేజరు ముచ్చటపడ్డాడు. నిరుడు తానూ ఆ శిక్షణకే వెళ్లాడట. మనిషి స్వభావం గురించి అతని కంటే అతనితో ఉండేవాళ్లే బాగా చెప్పగలరని, అందుకే ఇంట్లోవాళ్ల చేత నింపించడం మేలని మూడోరోజు మధ్యాహ్నం గట్టిగా చెప్పారట. "మీరొక్కరే పద్ధతి ప్రకారం చేశారు" అని మెచ్చుకుని, నివేదికలో ఉన్నది ఉన్నట్టు అమలు చేశాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి చాలాసేపు చెప్పులు కూడా విప్పలేదు. అవమానం కంటే ఎక్కువగా, ఇన్నేళ్లూ ఇలాగే ఉన్నానా అన్న ఆలోచన ఆయన్ను తినేసింది.

"నేను చెప్పినట్టు ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు.

"పైన నిజం మాత్రమే రాయండి అని ఉంది కదండీ. అదే చెప్పబోయాను."

ఆయన గోడ మీద సర్టిఫికెట్టు ఫ్రేము వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా వెన్ను నిటారైంది. పంతొమ్మిదేళ్లుగా ఎవరూ పట్టుకోలేని మనిషిని తన యాభై ప్రశ్నలు ఒక్క పూటలో పట్టేశాయి. ఇంత గురి తప్పని పరీక్ష ఇంకెవరు తయారుచేయగలరు?

అప్పుడు ఆ చివరి ప్రశ్న గుర్తొచ్చింది. ఆ నిటారు కాస్త సడలింది.

"మరి యాభయ్యోది?" అన్నాడు. అన్నాక, జీవితంలో మొదటిసారి, జవాబు కోసం ఆగాడు.

"అదీ నిజమేనండీ" అంది ఆవిడ, చెప్పులు విప్పమన్నట్టు గుమ్మం వైపు చూపిస్తూ.

మర్నాడు రికార్డు గదినుంచి మేనేజరుగారికి ఒక అర్జీ వెళ్లింది: పదిహేడో నంబరు మీద తాను సమర్పించిన నివేదికలో ఆఖరి వాక్యాన్ని కొట్టివేయవలసిందిగాను, మిగతాదంతా అక్షరాలా సరైనదేనని రికార్డు చేయవలసిందిగాను.